డంపర్ చెవిలో ఆముదం గింజలు

మా కాలనీ కుక్క పేరు డంపర్. ఓపెన్‌కాస్ట్‌లో మట్టి మోసే డంపర్ల లెక్కనే బరువుగా, ఎదురొచ్చేవాళ్లను పట్టించుకోకుండా రోడ్డు మధ్యలో నడిచేది కాబట్టి పిల్లలెవరో పెట్టిన పేరు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరసలో ఏ ఇంటి ముందు ఆగినా దానికి ఇంత అన్నం దొరికేది. నా ఫోన్‌లో దాని ఫొటోలు రెండొందల పైనే ఉన్నాయి. నిద్రపోతున్నది, ఆవులిస్తున్నది, బాపు లంచ్ డబ్బా వాసన చూస్తున్నది. వాటిల్లో ఒక్కదాంట్లో కూడా దాని చెవి లోపలి భాగం కనిపించదు.

సెకండ్ ఇయర్ ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అది అన్నం ముట్టడం లేదు. మే నెలలో రామగుండం సంగతి తెలిసిందే కదా, నలభై ఐదు దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు. "ఎండకు తింటలేదురా. నువ్వు తింటున్నవా సక్కగ?" అన్నడు బాపు. నిజమే అనిపించింది. నీళ్ల తొట్టి పక్కన పడుకునేది, పిలిస్తే తోక ఒకసారి ఊపి ఊరుకునేది. నాలుగో రోజు పొద్దున ముక్కులోంచి రక్తం వచ్చింది. ఎవరో రాయితో కొట్టారనుకున్నాం. మా అమ్మ ఎదురింటి పిల్లలను తిట్టింది కూడా. పాపం వాళ్లకేం సంబంధం లేదు.

రక్తం తుడుద్దామని తల పట్టుకుని చెవి పైకెత్తాను. లోపల ఆముదం గింజలు అతికించినట్టు ఉన్నాయి. బూడిదరంగులో, నున్నగా, ఉబ్బి. పదిహేడు వరకు లెక్కపెట్టి ఆపేశాను. కాలివేళ్ల మధ్యలో ఇంకా ఉన్నాయి.

ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోతే డాక్టరు చెవి వైపు చూడనేలేదు. ముందు పెదవి పైకెత్తి చిగుళ్లు చూశారు. తెల్లగా సున్నం పూసినట్టున్నాయి. గోమార్ల జ్వరం అన్నారు. ఇంజెక్షన్ చేసి మందులు రాశారు. మూడో రోజు రాత్రి డంపర్ చనిపోయింది. "నాలుగు రోజుల ముందు తెచ్చుంటే" అని డాక్టరు అన్న మాటలో కోపం లేదు, ఉన్న విషయం చెప్పారు అంతే. ఆ నాలుగు రోజుల గురించే ఈ వ్యాసం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, కొంతమందికి కోపం వచ్చినా సరే. మన హాస్టళ్ల చుట్టూ కుక్కలను ప్రేమించేవాళ్లకు కొదువ లేదు. బిస్కెట్ ప్యాకెట్ కొనేవాళ్లు, రీల్ తీసేవాళ్లు, పుట్టినరోజు కేక్ ముక్క పెట్టేవాళ్లు బోలెడుమంది. వారానికి ఒకసారి ఆ కుక్క చెవి ఎత్తి చూసేవాళ్లు ఎంతమంది? నేను చూడలేదు. ఏళ్ల తరబడి అన్నం పెట్టిన కాలనీ మొత్తంలో ఎవరం చూడలేదు. తిండి పెడితే మన వంతు అయిపోయిందనుకున్నాం. మన దగ్గర కుక్క ఆకలితో చావడం తక్కువ, కనపడని కాట్లతో చావడమే ఎక్కువ అని నాకిప్పుడు అనిపిస్తోంది.

గోమారు అంటే మాకు తెలియనిదేం కాదు. కొన్ని ఊళ్లలో పిడుదు అంటారు. బర్రెల మీద, ఆవుల మీద చూసినవాళ్లమే. కుక్కల మీద ఎక్కువగా ఉండేది గోధుమరంగు కుక్క గోమారు, శాస్త్రీయ నామం రైపిసెఫాలస్ సాంగ్వినియస్. రక్తం తాగనప్పుడు చప్పిడిగా, నువ్వు గింజంత ఉంటుంది. తాగిన ఆడది ఉబ్బి అచ్చం ఆముదం గింజలా అవుతుంది. ఇది నా పోలిక మాత్రమే కాదు. లాటిన్‌లో రిసినస్ అంటే గోమారు. ఆముదం గింజ దాని లెక్కనే ఉందని ఆ చెట్టుకు రిసినస్ అనే పేరు పెట్టారు. మా అవ్వకు లాటిన్ రాదు గానీ, డంపర్ చెవి చూసి ఆమె అన్న మొదటి మాట కూడా "ఆముదపు గింజలు గదరా ఇవి" అనే.

బొగ్గు ఊళ్లో ఇంకో తిప్పలుంది. మా దగ్గర కుక్క ఒంటి మీద ఎప్పుడూ నల్లటి దుమ్ము ఉంటుంది. దుమ్ములో పొర్లి వచ్చిన కుక్క మీద చిన్న గోమారు కంటికి ఆనదు, డంపర్ లాంటి నల్ల కుక్కయితే అసలే కనపడదు. అందుకే కళ్లతో వెతకడం కంటే వేళ్లతో వెతకడం మేలు. చెవి లోపల, చెవి వెనక, మెడ చుట్టూ, పట్టా ఉంటే దాని కింద, చంకల్లో, తొడల సందులో, తోక కింద, ముఖ్యంగా కాలివేళ్ల మధ్య మెల్లగా తడుముతూ పోవాలి. బియ్యంలో రాయి తగిలినట్టు తగులుతుంది. చేతికి గ్లోవ్స్ లేకపోతే ప్లాస్టిక్ కవర్ అయినా తొడుక్కోండి. మొత్తం అయిదు నిమిషాల పని.

ఆ తర్వాత పెదవి ఎత్తి చిగురు చూడాలి. ఆరోగ్యంగా ఉంటే గులాబీరంగులో ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ రంగు రావాలి. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. అప్పుడు కింది కనురెప్ప లోపల చూడొచ్చు. ఈ ఒక్క పరీక్ష నాకు ముందే తెలిసుంటే మొదటి రోజే ఆటో ఎక్కేవాణ్ని.

గోమారు రక్తం తాగినందుకే కుక్క చావదు. చిన్న పిల్లకు వందల్లో పడితే రక్తం తగ్గి చావొచ్చు గానీ, పెద్ద కుక్కను చంపేది అది కాటుతో పాటు ఎక్కించే సూక్ష్మజీవి. వాటిల్లో ఒకటి ఎర్లీకియా కేనిస్ అనే బ్యాక్టీరియా. 1935లో అల్జీరియాలో మొదటిసారి కుక్కల్లో గుర్తించారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తీసుకుపోయిన జర్మన్ షెపర్డ్ కుక్కలు వందకు పైగా ముక్కులోంచి రక్తం కారి చనిపోతే గానీ దాని తీవ్రత ప్రపంచానికి అర్థం కాలేదు. సైన్యం కుక్కలకే దిక్కులేకపోతే మా డంపర్ ఎంత.

ఈ జబ్బు ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే తెలియని ఇల్లు మన దగ్గర లేదు. మనిషికి లక్షన్నర నుంచి ఉండాలని మెస్‌లో వడ్డించే అన్న కూడా చెప్తడు. కుక్కలకూ అదే కథ. రక్తం గడ్డకట్టదు, ముక్కు కారుతుంది, పొట్ట మీద చర్మం కింద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఇంకో జబ్బు బబీసియా, ఇది ఎర్ర రక్తకణాల్లోకే దూరి వాటిని పగలగొడుతుంది. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది, కళ్లు పచ్చబడతాయి. కాటు పడ్డాక ఎర్లీకియా జ్వరం బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. ఆలోగా తాగిన గోమారు కడుపు నిండి రాలిపోయి ఉండొచ్చు. అంటే జ్వరం వచ్చిన రోజు ఒంటి మీద ఒక్కటి కూడా కనిపించకపోయినా, గోమార్ల జ్వరం కాదని అనుకోవడానికి లేదు. తొందరగా పట్టుకుంటే డాక్టర్లు డాక్సీసైక్లిన్‌తో నయం చేస్తారు, మామూలుగా నాలుగు వారాలు వాడాలి. రెండు రోజులకు లేచి తిరిగిందని మందు ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. దీనికి టీకా లేదు.

ఇప్పుడు మన సబ్జెక్టుకు వస్తా. ఈ గోమారు జీవితంలో ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లు. అది కుక్కనెక్కి తాగి, కిందికి దిగి, ఎక్కడో పగుల్లో దాక్కుని కుబుసం విడుస్తుంది. ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. మూడోసారి పెద్దదై ఎక్కుతుంది. కడుపు నిండిన ఆడది గోడ సందుల్లోకి పోయి వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. పెద్ద గోమారు తిండి లేకుండా నెలల తరబడి కాచుకుని ఉండగలదు. ఎండ పెరిగితే ఈ చక్రం ఇంకా జోరుగా తిరుగుతుంది. అంటే కుక్క మీద మనకు కనపడేవి కొన్నే, మిగతా సైన్యమంతా పాత క్వార్టర్ల గోడ పగుళ్లలో, కాలువ అంచుల్లో, గోనె సంచి మడతల్లో, మెట్ల కింద ఉంది. లోపం ఒకచోట, లక్షణం ఇంకోచోట. ఇంత చదివి కూడా మనం లక్షణానికే రిపేర్ చేస్తే ఎట్లా?

డంపర్ పడుకునే మెట్ల కింద టార్చ్ వేసి చూశా. గోడకు కిందినుంచి పైకి చీమల్లా పాకుతున్నాయి. ఎండాకాలంలో గోమార్లు గోడలెక్కుతుంటే మా కాలనీలో అందరూ ఏవో పురుగులనుకున్నారు. పాత గోనెలు కాల్చేసి, పగుళ్లకు సిమెంటు పూసి, డాక్టరు చెప్పిన మందు గోడకు కొట్టి, గుడ్లు పొదిగే తీరు తెలుసు కాబట్టి కొన్ని వారాలకు మళ్లీ కొట్టాం. కుక్క పోయాక.

ఇక మన మందుల సంగతి. గోమార్లు ఉన్నాయని తెలియగానే మా వరసలో ముగ్గురు మూడు సలహాలిచ్చారు. ఒకాయన కిరోసిన్ అన్నడు. ఇంకొకాయన గమాక్సిన్ పొడి అన్నడు. బీహెచ్‌సీని 1997లోనే మన దేశంలో నిషేధించారు. లిండేన్ వాడకం కూడా 2013 నుంచి లేదు. అయినా ఆ పేరు మాత్రం నోళ్లలో బతికే ఉంది. మూడో సలహా అన్నిటికంటే పాపులర్: బండి మెకానిక్ దగ్గర కాలిన ఆయిల్ తెచ్చి ఒళ్లంతా పూయడం. బొగ్గు ఊళ్లో కాలిన ఆయిల్‌కు కరువా. గజ్జికి అదే, గోమారుకు అదే, పుండుకు అదే. పూసిన రెండు రోజులకు వెంట్రుకలు నిగనిగలాడితే మందు పనిచేసిందంటారు. ఆ నూనెలో ఇంజిన్‌లోంచి అరిగి వచ్చిన లోహాలు, సగం కాలిన హైడ్రోకార్బన్లు ఉంటాయి. కుక్క చేసే మొదటి పని ఒళ్లు నాకడం. అవన్నీ కడుపులోకి. చర్మం కాలుతుంది. మే నెల ఎండలో ఆ జిడ్డు పొరతో అది ఎట్లా చల్లబడుతుందో పూసినాయన ఒకసారి తాను పూసుకుని చూస్తే తెలుస్తుంది. మెకానికల్ చదివే నాకు ఆ నూనెను మట్టిలో పారబోయొద్దని చెప్పారు. కుక్క మీద పోయొచ్చని ఏ సారూ చెప్పలేదు.

షాపుల్లో దొరికే మందులు కూడా కొలత తప్పితే విషమే. అమిట్రాజ్ అనే మందు చాలామంది వాడతారు. సీసాలో పన్నెండున్నర శాతం గాఢతతో వస్తుంది. లీటరు నీళ్లకు రెండు మిల్లీలీటర్లు కలిపితే 250 పీపీఎం అవుతుంది, లెక్క మీరే వేసుకోండి. డాక్టరు చెప్పే కొలతలు ఈ స్థాయిలో ఉంటాయి. మన వాళ్లు "జెర గట్టిగ పనిచెయ్యాలె" అని మూతలకు మూతలు పోస్తారు. కుక్క మత్తుగా పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. కుక్కకు వేసే పర్మెత్రిన్ చుక్కలు పిల్లి మీద పడితే పిల్లి చచ్చిపోయే ప్రమాదం ఉంది. జ్వరమొచ్చిందని మనం మింగే ఐబుప్రొఫెన్ వేస్తే కుక్క కడుపులో పుండ్లు పడి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ మధ్య నమిలే మాత్రలు వచ్చాయి. ఫ్లూరలానర్ లాంటిదైతే ఒక్క మాత్ర మూడు నెలల దాకా పనిచేస్తుంది. ఖరీదే, కానీ హాస్టల్ బ్లాక్‌లో పదిమంది కలిస్తే ఒక్కొక్కరికి పడేది ఒక బిర్యానీ కంటే తక్కువ. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు మాత్రం జాగ్రత్త, ఈ రకం మందుల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. బరువు తూచి, డాక్టరు రాస్తేనే వేయాలి.

ఒకటో రెండో గోమార్లుంటే చేత్తో తీయొచ్చు. సన్నటి ముక్కున్న చిమటా తీసుకుని, దాని పొట్ట దగ్గర కాకుండా చర్మానికి ఆనించి నోటి దగ్గర పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా నేరుగా లాగాలి. అగ్గిపుల్లతో కాల్చడం, గోళ్ల మధ్య చిట్లించడం వద్దు. సబ్బు నీళ్ల డబ్బాలో వేసి మూత పెట్టండి. నేలమీద పారేస్తే అది మళ్లీ గోడెక్కుతుంది.

వానలు పడ్డాక సీజన్ మారుతుంది, శత్రువూ మారుతుంది. చిత్తడిలో, కుళ్లిన గడ్డిలో, పేడలో పుట్టే కుట్టే ఈగలుంటాయి. అచ్చం ఇంటి ఈగలాగే ఉంటుంది, కానీ నోరు సూదిలా ముందుకు పొడుచుకుని ఉంటుంది. ఇవి కుక్క చెవుల కొసలను కుడతాయి. రక్తం ఎండి నల్లటి పెచ్చులు కడతాయి. రెండు చెవుల కొసలూ ఒకేలా పెచ్చుకట్టి ఉంటే, కుక్కల కొట్లాటలో తగిలిందనుకోకండి, అది ఈగల పని. గోరువెచ్చటి ఉప్పునీళ్లతో కడిగి, డాక్టరు ఇచ్చిన పూత పూస్తూ, పడుకునే చోట చెత్త తీసేస్తే చాలావరకు తగ్గుతుంది. వదిలేస్తే ఆ పుండు మీద ఇంకో రకం ఈగ గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులోనే పురుగులు పుట్టి బతికున్న మాంసంలోకే తొలుచుకుపోతాయి. కంటికి కనపడకముందే ముక్కుకు తెలుస్తుంది, కుళ్లిన వాసన. మా అవ్వ సీతాఫలం ఆకు నూరి పుండులో కూరేది. పురుగులు బయటికి రావడం నేను చూశాను, అందుకే ఆమెను ఎగతాళి చేయను. కాకపోతే లోపల మిగిలిన ఒక్కొక్క పురుగును ఏరి, చచ్చిన కండ తీసి కట్టుకట్టే పని ఆకు చేయదు. సీతాఫలం గింజల పొడి అయితే అసలు వద్దు, కంట్లో పడితే చూపుకే ముప్పు.

తేనెటీగ, కందిరీగ కాటు వేరే రకం. ఉన్నట్టుండి మూతి వాచి గుమ్మడికాయ లెక్క అవుతుంది. ముల్లు ఉంటే తీసి, చల్లటి గుడ్డ పెట్టి ఒక గంట గమనించాలి. వాపు గొంతుకు దిగినా, వాంతులైనా, ఊపిరి కష్టమైనా ఇంకేం ఆలోచించకుండా దవాఖానకే.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఇదంతా మిమ్మల్ని ఎరిగిన కుక్కకే. తెలియని వీధి కుక్క చెవి పట్టుకోవడానికి పోవద్దు. నొప్పిలో ఉన్న కుక్క ప్రేమించేవాణ్ని కూడా కరుస్తుంది. పన్ను గీరుకున్నా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. మీరు చూసుకునే కుక్కకు ఏటా ఆ టీకా వేయించడం గోమార్ల కంటే ముందు చేయాల్సిన పని.

"మనుషులకే దిక్కులేదు, కుక్కలకు ఇంత తతంగమా" అనేవాళ్లున్నారు. మా బాపే అన్నడు. దుమ్ములో షిఫ్టు చేసి వచ్చి, దగ్గుతూ కూర్చున్న మనిషి ఆ మాట అంటే జవాబు చెప్పడం కష్టం. నేను వాదించలేదు. కానీ ఒక మాట ఇక్కడ రాస్తా. ఆ గోడకున్న పగులు డంపర్‌ది కాదు, మాది. ఆ మెట్ల కింద చెత్త మాది. అదే గోమారు ఆకలేస్తే మనిషినీ కుడుతుంది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న వీధి కుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలంది. నవంబర్ 7న విద్యాసంస్థలు, ఆస్పత్రుల్లాంటి చోట్ల నుంచి తీసేయాలంది. మన వాట్సాప్ గ్రూపుల్లో అప్పటి నుంచి రెండు వర్గాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఉంచాలనేవాళ్లను నేను ఒకటే అడిగాను: మన గేటు దగ్గరి గోధుమరంగు కుక్కకు ఎడమ చెవి ఎందుకు వంగి ఉంది? ఒక్కరూ చెప్పలేదు. తీసేయాలనేవాళ్లూ చెప్పలేదనుకోండి.

ఎందుకు వంగిందో చూశాం. చెవి లోపల తొమ్మిది గోమార్లు, గోక్కుని గోక్కుని చెవిలో రక్తం గడ్డకట్టి వాచింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి నలుగురం పోయాం. చిగుళ్లు గులాబీరంగులోనే ఉన్నాయి. ఇప్పుడు శుక్రవారం రాత్రి మెస్ అయ్యాక వాచ్‌మన్ తాత కుర్చీ పక్కన కూర్చుని చూస్తాం. ఒకడు బిస్కెట్ పట్టుకుంటాడు, ఒకడు టార్చ్, నేను చిమటా. పోయిన వారం మూడు దొరికాయి. సబ్బు నీళ్ల డబ్బా తాత కుర్చీ కిందే ఉంటుంది. పచ్చడి డబ్బా అనుకుని ఎవరో మూత తీశారట, అందుకే దాని మీద ఇప్పుడు మార్కర్‌తో పేరు రాశాం.